లైబ్రరీ కప్పు కారుతోంది, ఎమ్మెల్యేని ఏమని అడగాలి?

ప్రశ్న: మాది హిందూపురం. అక్కడే హైస్కూల్లో తెలుగు టీచరుగా రిటైరై, కొన్నేళ్లుగా తూర్పు బెంగళూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా వీధి మలుపులోనే ప్రభుత్వ శాఖా గ్రంథాలయం ఉంది. అద్దె ఇల్లు, రెండు గదులు. వానొస్తే బీరువాల మీద టార్పాలిన్ కప్పుతారు. పోయిన ఏడాది నుంచి వారపత్రికలు రావడం లేదు, దినపత్రికలు కూడా తగ్గించారు. లైబ్రేరియన్ ఒక్కరే. ఆయనకే ఇంకో బ్రాంచి కూడా అప్పగించడంతో వారంలో సగం రోజులు సాయంత్రం తలుపు తీయరు. పోటీ పరీక్షల పిల్లలు మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నారు. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేయడానికి వచ్చిన ఎమ్మెల్యే గారికి చెబితే "నోడోణ" (చూద్దాం) అన్నారు. మేం కొందరం కలిసి మూడొందల దాకా సంతకాలు సేకరించాం. ఎవరికివ్వాలి? ఆంధ్రా నుంచి వచ్చిన మాకు ఇక్కడ అడిగే హక్కు ఉంటుందా? తెలుగు పుస్తకాలు కూడా కావాలని అందులో రాశాం, తప్పా? మా అబ్బాయి "ఈ లాబీయింగులు, పైరవీలు మనకెందుకమ్మా, కావలసిన పుస్తకాలు ఆన్‌లైన్‌లో తెప్పిస్తా" అంటున్నాడు.
ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

టీచరు గారూ, ఆ సంతకాల కాగితం ఇంకా ఎవరి చేతికీ ఇవ్వకండి. అందులో ఏముందో మీరు రాయలేదు గానీ, ఇలాంటివి చాలా చూశాను కాబట్టి ఊహించగలను. "మా గ్రంథాలయాన్ని అభివృద్ధి చేయవలసిందిగా కోరుతున్నాము" అని మొదలై, సొంత భవనం, కొత్త పుస్తకాలు, కంప్యూటర్లు, మంచినీళ్లు, మరుగుదొడ్డి, తెలుగు పుస్తకాలు అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. అలాంటి కాగితం తీసుకోవడం ఏ ఎమ్మెల్యేకైనా చాలా సులువు. రెండు చేతులా అందుకుంటారు, ఫొటో దిగుతారు, పీఏకి ఇస్తారు. అందులో ఏ ఒక్కటీ చేయకపోయినా ఆయన్ని నిలదీయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు, ఎందుకంటే ఫలానాది, ఫలానా రోజుకి అని మీరు అడగనే లేదు.

ముందు ఇంట్లో ఒక పని చేయండి. మీ అబ్బాయి కట్టిన ఆస్తి పన్ను రసీదు తీయించండి. అద్దె ఇల్లయితే ఓనరు గారిని అడిగి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పన్ను అంకె కింద సెస్ (పన్ను మీద అదనంగా వేసే పన్ను) అని ఇంకో అంకె ఉంటుంది. బెంగళూరులో ఏళ్లుగా నడిచిన లెక్క ఏమిటంటే పన్ను మీద 24 శాతం సెస్. అందులో ఆరోగ్యానికి 15, గ్రంథాలయానికి 6, భిక్షుకుల పునరావాసానికి 3. (ఈ మూడోది ఉందని చాలామందికి తెలియదు. లైబ్రరీది కూడా తెలియదు, అదే మన బాధ.) అంటే పన్ను పది వేలైతే దాని మీద ఇంకో ఆరొందలు లైబ్రరీ పేరు చెప్పి మీ ఇంటి నుంచి వసూలు చేసినవే. అద్దెకుండేవాళ్లు కట్టడం లేదనుకోకండి. ఓనరు కట్టే పన్ను చివరికి అద్దెలోనే కలుస్తుంది.

కాబట్టి ఎమ్మెల్యే ముందు కూర్చున్నప్పుడు మీరు సాయం అడగడానికి వచ్చినవారు కాదు, బాకీ అడగడానికి వచ్చినవారు. ఈ ఒక్కటి మనసులో గట్టిగా పెట్టుకుంటే మీ మాట తీరే మారిపోతుంది. "దయచేసి ఏమైనా చేయండి సార్" అనే చోట "ఇది ఎక్కడ ఆగింది సార్" అంటారు.

ఈ 6 శాతానికి ఆధారం 1965లో చేసి 1966 నుంచి అమలు చేసిన గ్రంథాలయాల చట్టం. అప్పటికి రాష్ట్రం పేరు ఇంకా మైసూరే. చట్టం ఉద్దేశం సూటిగానే ఉంది. సెస్ వసూలు చేసేది స్థానిక సంస్థ, ఖర్చు పెట్టాల్సింది ప్రభుత్వ గ్రంథాలయాలను చూసుకునే గ్రంథాలయ అథారిటీ. వసూలైన డబ్బు సమయానికి అటు నుంచి ఇటు రాకపోవడమే అసలు జబ్బు. బెంగళూరులో ఈ బకాయి వందల కోట్లలో ఉందని పత్రికలు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాయి, చట్టసభలోనూ ప్రస్తావనకు వస్తూనే ఉంది. రోడ్లకో జీతాలకో డబ్బు చాలనప్పుడు, ఎవరూ గట్టిగా అడగని డబ్బు మీదే ముందు చెయ్యి పడుతుంది. లైబ్రరీ కోసం రోడ్డెక్కేవాళ్లు తక్కువ కదా.

ఇక్కడే ఒక హెచ్చరిక. కొందరు ఉత్సాహవంతులు "తమిళనాడులో రూపాయికి 10 పైసలు, మన ఆంధ్రలో 8 పైసలు, ఇక్కడ 6 మాత్రమే, పెంచమని అడుగుదాం" అంటారు. ఇప్పుడు వద్దు. వసూలైన ఆరే సరిగా చేరనప్పుడు పది చేయమంటే మీ వీధిలో పన్ను కట్టేవాళ్లే మీకు ఎదురు తిరుగుతారు. ఎమ్మెల్యేకి కూడా తప్పించుకునే దారి దొరుకుతుంది. "పన్ను పెంచమంటున్నారు, జనం ఒప్పుకుంటారా?" అని చర్చ అటు మళ్లిస్తారు.

ఇప్పుడు మీ కష్టాలను విడదీద్దాం. మీరు ఒకే ముద్దగా రాశారు గానీ, వాటిని తీర్చేవాళ్లు వేరు వేరు.

కప్పు సంగతి. భవనం అద్దెది అన్నారు. ప్రైవేటు ఇంటి కప్పు మీద ఎమ్మెల్యే తన నియోజకవర్గ నిధులు పోయలేరు, పోయకూడదు కూడా. కప్పు బాగుచేయించడం ఓనరు బాధ్యత, ఆయన చేత చేయించడం లైబ్రరీ డిప్యూటీ డైరెక్టర్ ఆఫీసు బాధ్యత. అద్దె సకాలంలో అందుతోందా అని ఓనరును ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి, కప్పు ఎందుకు కారుతోందో అక్కడే తెలియవచ్చు. ఎమ్మెల్యేని అడగాల్సింది వేరే ఉంది. చుట్టుపక్కల కార్పొరేషన్‌కి సొంత భవనం, పైఅంతస్తు ఖాళీగా ఉన్న కమ్యూనిటీ హాలు, లేదా మీ లేఅవుట్లో ఖాళీగా పడున్న సీఏ సైటు (ప్రజల సౌకర్యాల కోసం వదిలిన స్థలం) ఉన్నాయా? వెతికి, ఫొటో తీసి, "ఈ హాలు ఇప్పించండి" అని వేలు పెట్టి చూపించండి. అక్కడ బీరువాలు, బల్లలు, గోడలు, కప్పు లాంటి శాశ్వతమైన పనులకు ఆయన నిధి పనికొస్తుంది. కర్ణాటకలో ఒక్కో శాసనసభ్యుడికి, శాసన మండలి సభ్యుడికి కూడా, ఏడాదికి 2 కోట్ల స్థానిక అభివృద్ధి నిధి ఉంటుంది. అందులో మీరు అడిగేది చిన్న మొత్తం.

పత్రికలు, పనివేళలు, సిబ్బంది. ఇవి ఏడాది పొడవునా నడిచే ఖర్చులు కాబట్టి నియోజకవర్గ నిధి వీటికి పనికిరాదు. డబ్బు శాఖ నుంచి రావాలి, సెస్ నుంచి రావాలి. ఇక్కడ ఎమ్మెల్యే చేయగలిగింది రెండే. ఒకటి ఫోన్, రెండోది సభలో ప్రశ్న. మనవాళ్లు ఫోన్‌ని ఎక్కువగా నమ్ముతారు, ప్రశ్నని తక్కువగా. నా లెక్కలో అది తిరగబడాలి. ఫోన్‌కి వచ్చే జవాబు ఆ పూటతో పోతుంది. సభలో అడిగితే మంత్రి పేరు మీద అచ్చులో అంకెలు వస్తాయి, ఆ అంకెలు ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

మూడోది చట్టం. ఇది మీ ఒక్క బ్రాంచి పని కాదు గానీ, మీలాంటివాళ్లు నలుగురు అడిగితే తప్ప కదలదు. ఇంటి పన్ను ఇప్పుడు ఎక్కువమంది ఆన్‌లైన్‌లోనే కడుతున్నారు. కట్టిన క్షణమే లైబ్రరీ భాగం విడిపోయి నేరుగా అథారిటీ ఖాతాలో పడేలా చేయడం సాంకేతికంగా పెద్ద విషయం కాదు. అలా చేయాలని, చేయలేనిచోట ఫలానా గడువులోగా జమ చేయాలని, ఆలస్యమైతే వడ్డీ కట్టాలని, ఎంత వసూలైందో ఎంత జమైందో ఏటా సభ ముందు పెట్టాలని చట్టంలోనో నియమాల్లోనో రాయించాలి. దీనికి ఇది మంచి సమయం కూడా. 2025లో బెంగళూరు పాత కార్పొరేషన్ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఏ కార్పొరేషన్ వసూలు చేసిన సెస్ ఏ గ్రంథాలయ అథారిటీకి చేరాలి, పాత బకాయి ఎవరి నెత్తిన ఉంటుంది, ఇవి స్పష్టంగా రాసి ఉండాలని అడగండి. ఇల్లు పంచుకునేటప్పుడు అప్పు ఎవరిదో రాసుకోకపోతే తర్వాత ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఎమ్మెల్యేనే ఎందుకు, కార్పొరేటర్ని అడగకూడదా అని మీరనవచ్చు. పాత కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్‌లో ముగిసింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి బెంగళూరులో ఎన్నికలే జరగలేదు. చట్టం ప్రకారం నగర గ్రంథాలయ అథారిటీకి అధ్యక్ష స్థానంలో ఉండాల్సింది మేయర్. మేయరే లేనన్నాళ్లు ఆ కుర్చీ నుంచి సెస్ గురించి గొంతెత్తే మనిషి ఎక్కడుంటాడు? అందుకే నగరంలోని 28 మంది ఎమ్మెల్యేల మీదే భారం పడింది. రాష్ట్ర స్థాయి గ్రంథాలయ అథారిటీకి విద్యాశాఖ మంత్రి అధ్యక్షుడు కాబట్టి, ప్రశ్న చివరికి ఆయన బల్ల మీదికే చేరుతుంది.

ఎమ్మెల్యే కన్నా ముందు మీరు కలవాల్సినవాళ్లు ఇంకొకరున్నారు. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. కర్ణాటకలో శాసన మండలి ఉంది. 75 మందిలో ఏడుగురిని పట్టభద్రులు, ఏడుగురిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. చదువుకున్నవాళ్ల ఓట్లతో గెలిచిన మనిషికి లైబ్రరీ గురించి మాట్లాడటం లాభమే తప్ప నష్టం లేదు. పైగా ఆ ఎన్నికల్లో ఓటర్లు తక్కువ. అసెంబ్లీ నియోజకవర్గంలో యాభై ఓట్లు ఎవరికీ లెక్కలోకి రావు, పట్టభద్రుల నియోజకవర్గంలో యాభై మంది ఒక్కటై వస్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు. మీరు ఆంధ్రాలో చదివినా ఫరవాలేదు. దేశంలో ఏ విశ్వవిద్యాలయం డిగ్రీ అయినా చెల్లుతుంది, పట్టా వచ్చి మూడేళ్లయి ఉండాలి, ఇక్కడ నివాసం ఉండాలి. ఓటరుగా నమోదు కావడానికి ఫారం 18 నింపి ఇవ్వాలి. ప్రతి ఎన్నికకూ ఈ జాబితా కొత్తగా తయారు చేస్తారు కాబట్టి "ఒకసారి ఇచ్చాం కదా" అనుకోకండి. మెట్ల మీద కూర్చుని చదివే పిల్లల్లో సగం మందికి డిగ్రీ ఉండే ఉంటుంది. వాళ్ల చేత కూడా నింపించండి. ఆ మూడొందల సంతకాల కంటే ముప్పై ఫారం 18లు ఎక్కువ పని చేస్తాయని నా నమ్మకం. (ఉపాధ్యాయుల స్థానంలో మీకు ఓటు రాదు. ఇటీవలి సంవత్సరాల్లో ఈ రాష్ట్రంలో పాఠం చెప్పినవారికే అది.)

ఇక సమయం. మీరు ఆగస్టు పదిహేను తర్వాత రాశారు కాబట్టి సరిగ్గా వేళకే రాశారు. ఫిబ్రవరి, మార్చిలో బడ్జెట్ చదువుతారు గనుక అప్పుడు అడగాలని చాలామంది అనుకుంటారు. అప్పటికి అంకెలు అచ్చయిపోయి ఉంటాయి. శాఖలు తమ అంచనాలు వేసుకునేది అక్టోబరు, నవంబరు ప్రాంతంలో. నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. మీ బ్రాంచిలో కూడా ఏదో ఒక కార్యక్రమం చేయక తప్పదు. దానికి ఎమ్మెల్యేని, పట్టభద్రుల ఎమ్మెల్సీని పిలవండి. సాయంత్రం ఆరింటికి, పిల్లలు ఎక్కువ ఉండే వేళకి. ఉపన్యాసాలు తగ్గించి, గదిలో కూర్చోబెట్టండి. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, కుర్చీ చాలక నిలబడ్డ పిల్లలు కళ్ల ముందే ఉంటారు. డిసెంబరులో సాధారణంగా బెళగావిలో చట్టసభల సమావేశాలు జరుగుతాయి. ప్రశ్నకి పదిహేను రోజుల ముందు నోటీసు కావాలి కాబట్టి వారోత్సవాల్లోనే ప్రశ్న కాగితం ఆయన చేతిలో ఉంటే బెళగావికి అందుతుంది.

అంతలోపు మీ దగ్గర అంకెలుండాలి. ఈ వారమే రెండు ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తులు పెట్టండి. ఫీజు ఒక్కోదానికి పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. కర్ణాటక నియమాల ప్రకారం దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటలకు మించకుండా ఉండాలి. టీచరు కాబట్టి పెద్ద వ్యాసం రాయాలని చెయ్యి లాగుతుంది, లాగనివ్వకండి. మొదటిది మీ ప్రాంతపు నగర కేంద్ర గ్రంథాలయానికి. మీ బ్రాంచికి గత మూడేళ్లలో పత్రికలకు, పుస్తకాలకు, అద్దెకు మంజూరైంది ఎంత, ఖర్చయింది ఎంత, మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని. రెండోది కార్పొరేషన్‌కి. అవే మూడేళ్లలో గ్రంథాలయ సెస్ వసూలు ఎంత, అథారిటీకి జమ ఎంత, ఏ తేదీల్లో. "ఎందుకు కట్టలేదు" అని అడగొద్దు. ఆర్టీఐలో ఎందుకుకి జవాబు రాదు, కాగితంలో ఉన్నదే వస్తుంది. జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. ఆ మాట కూడా ఎమ్మెల్యేకి చెప్పండి, "అంకెలడిగితే ఇవ్వలేదు సార్" అన్నది కూడా ఒక అంకె లాంటిదే.

కలవడానికి వెళ్లేటప్పుడు సంగతులు కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే కాబట్టి. విధాన సౌధకి పోవద్దు. అక్కడ ఆయన మీ మనిషి కాదు, అందరి మధ్య పరుగులో ఉంటారు. ఉదయం ఇంటి దగ్గరో నియోజకవర్గ ఆఫీసులోనో కలవండి. ముందు రోజు పీఏకి వాట్సాప్‌లో ఒక వాక్యం: "ఫలానా వీధిలో ఉన్న లైబ్రరీ గురించి నలుగురం వస్తున్నాం, పది నిమిషాలు చాలు." నలభై మంది వెళ్తే ధర్నా అనుకుంటారు, ఒక్కరే వెళ్తే సొంత పని అనుకుంటారు. నలుగురు ఎవరంటే, మీరు ఒకరు. పుట్టి పెరిగింది మొదలు ఆ వీధిలోనే ఉన్న కన్నడిగుడు ఒకరు, ఆయనే ముందు మాట్లాడాలి. ఆ మెట్ల మీద చదువుకునే అమ్మాయి ఒకరు. నాలుగో మనిషిగా పక్కనే జెరాక్స్ షాపో టీ కొట్టో నడిపేవాళ్లు దొరికితే తీసుకెళ్లండి. లైబ్రరీ తెరిచిన సాయంత్రాలు, మూసిన సాయంత్రాలు వ్యాపారం ఎలా ఉంటుందో ఆయన చెబితే ఎమ్మెల్యే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

కాగితం ఒక్కటే పేజీ. కన్నడలో. పైన ఒక ఫొటో: టార్పాలిన్ కప్పిన బీరువాలు, కింద నీళ్ల బకెట్టు. దాని కింద మూడు వాక్యాలు. ఫలానా ఖాళీ హాలు లైబ్రరీకి ఇప్పించండి. సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి ఉంచేలా ఇంకో మనిషిని వేయించండి. సెస్ గురించి జతచేసిన ప్రశ్న సభలో అడగండి. ఆ మూడొందల సంతకాలు వెనక కట్టలా జతచేయండి, అప్పుడు వాటికి విలువ. సంతకం పక్కన బూత్ నంబరు కూడా రాయిస్తే ఇంకా మంచిది. ఇది కాస్త కుటిలంగా అనిపించొచ్చు గానీ, ఓటరు జాబితాని బూత్‌ల వారీగా చదివే మనిషికి ఆయన భాషలోనే చెప్పాలి.

ఆయన ఏమంటారో ముందే చెప్పేస్తాను. "ఇప్పుడు లైబ్రరీకి ఎవరు వస్తున్నారమ్మా, అందరి చేతుల్లో మొబైలుంది" అంటారు. వాదించకండి. ఆ అమ్మాయి వైపు చూడండి. ఒక గదిలో ఐదుగురుండే ఇంట్లో, టీవీ మోగుతుంటే, మొబైల్లో పీడీఎఫ్ చదవడం ఎలా ఉంటుందో ఆమె చెబుతుంది. ఇక్కడికి వచ్చేది పుస్తకం కోసం మాత్రమే కాదు, ఒక కుర్చీ, ఒక ప్లగ్ పాయింటు, రెండు గంటల నిశ్శబ్దం కోసం. ఈ లైబ్రరీలో చదివి పోలీసు కానిస్టేబులో, పంచాయతీ అధికారో అయినవాళ్లు ఉంటే వాళ్ల సంగతి చెప్పండి. ఆ ఉద్యోగం వచ్చిన పిల్లవాడి ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయో ఆయనే లెక్కేసుకుంటారు. తర్వాత "ఇది డిపార్ట్‌మెంటు పని" అంటారు. "అవును సార్, డిప్యూటీ డైరెక్టర్ గారికి ఇప్పుడే ఒక ఫోన్ చేస్తారా?" అని అక్కడే అడగండి. నంబరు ముందే రాసి పట్టుకోండి. మీ ఎదురుగా చేసిన ఫోన్‌కి, "చేస్తాను" అన్న ఫోన్‌కి చాలా తేడా ఉంది. చివరికి "నోడోణ" అంటారు. అప్పుడు నవ్వుతూ "ఏ తారీకున రమ్మంటారు సార్?" అనాలి. తారీకు తీసుకోకుండా లేవకండి. కాగితం రెండో కాపీ మీద ఆఫీసు సీలు, తేదీ వేయించుకోండి. శాలువా, మైసూరు తలపాగా ఇప్పుడే వద్దు. హాలు తాళం చేతికొచ్చిన రోజున ఘనంగా కప్పండి, పేపర్లో ఫొటో వేయించండి. మంచి చేసినప్పుడు పేరు రావడం వాళ్లకి అన్నం లాంటిది, ఆ విషయంలో పిసినారితనం పనికిరాదు.

మీరు అడిగే హక్కు గురించి. ఓటు ఇక్కడుందా? పన్ను ఇక్కడ కడుతున్నారా? అయితే ఇంకేం కావాలి. ఓటు ఇంకా హిందూపురంలోనే ఉంటే మాత్రం ముందు మార్పించుకోండి, ఎమ్మెల్యే మొదట చూసేది అదే. గ్రంథాలయాల కోసం చట్టసభల వెంట పడటం మన పెద్దలకు కొత్తేమీ కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి, 1919లో మద్రాసులో దేశస్థాయి మహాసభ జరిపించింది అయ్యంకి వెంకట రమణయ్య గారు. గ్రంథాలయాలకు చట్టం ఉండాలని 1930లోనే నమూనా బిల్లు తయారు చేసి కాశీ సభలో పెట్టిన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు, మద్రాసు ప్రభుత్వం దాన్ని చట్టం చేసేదాకా 1948 వరకు ఆగాల్సి వచ్చింది. స్వతంత్ర భారతంలో మొదటి గ్రంథాలయ చట్టం అదే. ఆ తమిళ పెద్దాయన చివరి రోజులు గడిపింది ఈ బెంగళూరులోనే, 1972లో కన్నుమూసిందీ ఇక్కడే. ఆయన్ని ఎవరూ ఏ ఊరివాడివని అడగలేదు.

తెలుగు పుస్తకాల దగ్గర మాత్రం నా మాట మీకు రుచించకపోవచ్చు. ఈ కాగితంలోంచి ఆ వాక్యం తీసేయండి. అడగడం తప్పని కాదు. రాష్ట్ర లైబ్రరీలో వేరే భాషల పుస్తకాలు ఉండటం మామూలే. కానీ ఈ సమయంలో ఆ ఒక్క వాక్యం పెడితే మిగతా మూడూ పక్కకి పోయి, "తెలుగువాళ్లు లైబ్రరీ అడుగుతున్నారట" అన్న మాట మిగులుతుంది. మీ వీధి కన్నడ పెద్దమనిషి ముందుండడానికి వెనకాడతారు. అదే కారణంతో తెలుగు సంఘాల లెటర్‌హెడ్ మీద కూడా ఈ అర్జీ వద్దు. హాలు వచ్చి, సాయంత్రాలు తలుపులు తెరుచుకుని, రిజిస్టరులో సంతకాలు పెరిగాక, "ఫలానా ఇంతమంది సభ్యులు తెలుగు చదువుతారు" అని లైబ్రేరియన్‌కే ఒక జాబితా ఇవ్వండి. కొనుగోలు జాబితాలోకి చేర్పించుకోవడానికి అది చాలు, ఎమ్మెల్యే అక్కర్లేదు. కన్నడలో మాట్లాడటం గురించి మీకు నేను చెప్పాలా? హిందూపురం వాళ్లకి కన్నడ రాదంటే ఎవరూ నమ్మరు. రాయడం దగ్గర తడబడితే ఆ అమ్మాయి చేత రాయించండి.

మీ అబ్బాయితో ఒక మాట. చాటుగా పోయి తన ఒక్కడికి పని చేయించుకోవడాన్ని పైరవీ అంటారు. మీరు నలుగురితో పోయి, సీలు వేయించుకుని, అందరికీ పనికొచ్చేది అడుగుతున్నారు. ఆన్‌లైన్‌లో ఆయన తెప్పించే పుస్తకాలు మీకు చాలు, మెట్ల మీది పిల్లలకి చాలవు. ఆయనకి తీరిక లేకపోతే రసీదు ఫొటో, ఆర్టీఐ పోర్టల్‌లో ఫీజు, ఈ రెండూ చేసిపెడితే చాలనండి.

లైబ్రేరియన్ గారిని దీంట్లోకి లాగకండి. ప్రభుత్వ ఉద్యోగి, ఎమ్మెల్యే దగ్గరికి జనాన్ని పంపారని పై అధికారికి అనుమానం వస్తే ఆయనకే బదిలీ. ఫొటోలు కూడా మీ ఫోన్‌తోనే తీయండి, ఆయన ముఖం పడకుండా.

ప్రశ్న కాగితం ఇలా ఉండొచ్చు, కన్నడలోకి మార్చి ఇవ్వండి: "(అ) గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో బెంగళూరులో వసూలైన గ్రంథాలయ సెస్ ఎంత, గ్రంథాలయ అథారిటీకి జమ చేసింది ఎంత? (ఆ) మిగిలిన బకాయి ఎప్పటిలోగా జమ చేస్తారు? (ఇ) ఐదు కార్పొరేషన్లు ఏర్పడ్డాక సెస్ నేరుగా అథారిటీ ఖాతాలో చేరేలా నియమాలు సవరించే ఉద్దేశం ప్రభుత్వానికి ఉందా?" ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ ఇద్దరికీ ఇవ్వండి, ఎవరో ఒకరి ప్రశ్న ఎంపికవుతుంది. మౌఖిక సమాధానం దొరక్కపోయినా రాతపూర్వక సమాధానం వస్తుంది, దాన్ని సభ వెబ్‌సైట్లో కన్నడలో పెడతారు. అందులో (ఇ)కి "పరిశీలనలో ఉంది" అని ఉంటే నిరుత్సాహపడకండి. చట్టసభల సంప్రదాయంలో అది కూడా హామీ కిందికే వస్తుంది. దాన్ని ప్రింటు తీసి, ప్రభుత్వ హామీల సమితికి పంపమని మీ ఎమ్మెల్సీ గారిని అడగండి.